చౌటుప్పల్ అవతల లోపలి ఊరికి రోజూ బస్సులో వెళ్లి రావడం కుదురుతుందా?

ఉప్పల్ వాసి (ప్రశ్న)

మేముండేది ఉప్పల్‌లో. మా ఆవిడకు చౌటుప్పల్ దగ్గర హైవే వదిలి 14 కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊళ్లో బడికి పోస్టింగ్ వచ్చింది. ఉదయం 9కల్లా బళ్లో ఉండాలి, సాయంత్రం నాలుగున్నరకు బయటపడొచ్చు. బండి నడపడం రాదు. అక్కడ ఇల్లు తీసుకునే ఆలోచన ఇప్పట్లో లేదు.

ఆన్‌లైన్‌లో చూస్తే సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సులు కుప్పలుగా ఉన్నాయి. ఆ ఊరి పేరు కొడితే మాత్రం ఒక్కటీ రావడం లేదు. అసలు బస్సు ఉందో లేదో ఎక్కడ తెలుస్తుంది? ఎంజీబీఎస్‌కు (హైదరాబాద్ పెద్ద బస్టాండుకు) వెళ్లి ఎక్కాలా, దారిలో ఎక్కడైనా ఎక్కొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

డిపో లెక్క

ఊరి పేరుతో హైదరాబాద్ నుంచి వెతికితే దొరకదండి. లోపలి ఊళ్లకు తిరిగేది ఆర్టీసీ పల్లె వెలుగు బస్సు. దానికి రిజర్వేషన్ ఉండదు కాబట్టి ఆ సైట్లో కనిపించదు. పైగా ఆ బస్సును హైదరాబాద్ వాళ్ల కోసం వేయలేదు. ఊళ్లోవాళ్లు పొద్దున టౌనుకు వచ్చి సాయంత్రం ఇల్లు చేరడానికి వేశారు. మీ ఆవిడ ప్రయాణం దానికి సరిగ్గా ఎదురు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

మామూలుగా లోపలి రూటు ఇలా నడుస్తుంది. ఒక బస్సు రాత్రి ఊళ్లోనే ఆగుతుంది, దాన్నే నైట్ హాల్ట్ అంటారు. తెల్లవారుజామున ఐదున్నర, ఆరు మధ్య ఊళ్లో బయల్దేరి టౌనుకు వస్తుంది. మళ్లీ వెనక్కి తిరిగి ఊరికి పోతుంది. ఈ తిరుగు ట్రిప్పే మీ ఆవిడకు కావాల్సింది. అది తప్పితే కష్టం. ఎందుకంటే తర్వాతి ట్రిప్పులో బస్సు ఊళ్లో కాలేజీ పిల్లల్ని ఎక్కించుకుని ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో టౌనుకు వస్తుంది. మళ్లీ లోపలికి పోయేసరికి బడి మొదలైపోతుంది. కాబట్టి "రోజుకు ఎన్ని బస్సులున్నాయి" అని అడగొద్దు. "పొద్దున మొదటి బస్సు టౌను నుంచి లోపలికి ఎన్నింటికి తిరుగుతుంది" అని అడగండి.

సాయంత్రం దీనికి ఇంకో మెలిక ఉంది. ఆఖరి బస్సు లోపలికి పోతుంది, బయటికి రాదు, అక్కడే పడుకుంటుంది. ఊళ్లోవాళ్లు "ఏడింటికి బస్సుంది" అని మంచి మనసుతోనే చెబుతారు, కానీ అది ఊరికి వచ్చే బస్సు. మీకు కావాల్సింది ఊళ్లోంచి టౌనుకు వచ్చే ఆఖరి ట్రిప్పు టైము.

ఇవి కనుక్కోవాల్సింది హైదరాబాద్‌లో కాదు, ఆ రూటు నడిపే డిపోలో. ఏ డిపోనో తెలియకపోతే బస్సు మీదే డిపో పేరు రాసి ఉంటుంది, ఊళ్లో ఎవరినైనా చూసి చెప్పమనండి. బస్టాండు గోడ మీద రంగుతో రాసిన టైముల పట్టిక చాలాచోట్ల ఎప్పటిదో. దాన్ని చూసి ప్లాన్ వేయొద్దు. కంట్రోలర్ కౌంటర్లో ఉంటే ఆయన్ని, లేకుంటే ఆ బస్సు కండక్టర్నే అడగండి. సెలవుల్లో, రెండో శనివారం ఏ ట్రిప్పులు తీసేస్తారో కూడా అప్పుడే అడిగేయండి. పిల్లల కోసం నడిపే ట్రిప్పులు బడి లేని రోజు ఉండవు.

ఇక ఎక్కడ ఎక్కాలంటే, ఉప్పల్ నుంచి ఎంజీబీఎస్‌కు పోవడం వెనక్కి నడవడమే. నాగోలు మీదుగా సిటీ బస్సులో ఎల్బీనగర్ చేరి అక్కడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. హైదరాబాద్‌కు ఏ దిక్కు బస్సుకు ఆ దిక్కున ఒక గుమ్మం ఉంది. 2025 సెప్టెంబరులో మూసీ నీళ్లు ఎంజీబీఎస్‌లోకి వచ్చినప్పుడు బస్సుల్ని ఈ గుమ్మాల నుంచే నడిపారు: వరంగల్ వైపు ఉప్పల్, నల్గొండ, సూర్యాపేట, విజయవాడ వైపు ఎల్బీనగర్, మహబూబ్‌నగర్, కర్నూలు వైపు ఆరాంఘర్, కరీంనగర్, మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు జేబీఎస్. చేవెళ్ల, పరిగి వైపు వాళ్లు మెహిదీపట్నంలో, సంగారెడ్డి, జహీరాబాద్ వైపు వాళ్లు లింగంపల్లి, పటాన్‌చెరు దగ్గర చూసుకుంటారు.

టైము లెక్క: ఎల్బీనగర్ నుంచి చౌటుప్పల్‌కు పొద్దున ఎక్స్‌ప్రెస్‌లో గంటలోపే. అక్కడి నుంచి 14 కిలోమీటర్లకు పల్లె వెలుగులో 40 నిమిషాలు వేసుకోండి. నడుమ బస్సు మారడానికి కనీసం 20 నిమిషాలు ఉంచండి. ఉప్పల్‌లో ఆరింటికల్లా కదలాలి.

స్టేజీకాడ

పైన చెప్పింది కరెక్టే. హైవే మీద ఎక్కుడు దిగుడు గురించి నేను చెప్త.

ఎక్కేముందు బోర్డు మీద "వయా" చూడాలె. కింద "నాన్‌స్టాప్" అని ఉంటే దాని జోలికి పోవద్దు, చౌటుప్పల్ల ఆపమంటే ఆపరు. కొన్ని బస్సులల్ల కండక్టరే ఉండడు, స్టాండులనే టికెట్లు కొట్టి పంపుతరు. అది దారిల ఎవ్వర్నీ ఎక్కించుకోదు, చెయ్యెత్తి లాభం లేదు. ఆ రోడ్డు మీద ఆంధ్ర ఆర్టీసీ బస్సులు కూడా మస్తు తిరుగుతయి. వాటిల మన ఆడవాళ్లకిచ్చే జీరో (ఉచిత) టికెట్ చెల్లదు.

నాలుగు లేన్ల రోడ్డు వేసినంక ఊర్లకు వచ్చిన తిప్పలు ఏందంటే, రోడ్డు ఊరి మీదికెళ్లి ఎగిరిపోతది. జడ్చర్ల, కామారెడ్డి, భువనగిరి, ఎక్కడ చూసినా గదే కథ. ఫ్లైఓవరో బైపాసో ఉంటది, కింద సర్వీసు రోడ్డుకు ఊరు. ఎక్కంగనే కండక్టర్ను ఒక్క ముక్క అడగాలె: "కింద నుంచి పోతదా, మీద నుంచి పోతదా?" కింద నుంచి అంటే చౌరస్తాలనే దిగుతరు. మీద నుంచి అంటే ఫ్లైఓవర్ దిగి సర్వీసు రోడ్డు కలిసే కాడ దింపుతడు, అక్కడికెళ్లి వెనక్కి నడువాలె. చౌటుప్పల్ల హైవే ఊరి నడుమ నుంచే పోయేది కాబట్టి గీ బాధ తక్కువ. కని ట్రాఫిక్ ఉంటది, అక్కడ ఏదన్న పని నడిచినప్పుడు ఆగే జాగ మారుతది. మొదటి రోజే చూసుకోవాలె.

వచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. హైదరాబాద్ బస్సు రోడ్డుకు అవతలి దిక్కు ఆగుతది. చాలామంది డివైడర్ ఎక్కి దుంకుతరు. అండర్‌పాసో, చౌరస్తానో ఉన్నకాడికి వంద అడుగులు ఎక్కువైనా నడిచి దాటాలె. బస్సు గంటకు 80 కిలోమీటర్ల మీద వస్తే సెకనుకు 22 మీటర్లు పోతది. దగ్గరికొచ్చినంక చెయ్యెత్తితే డ్రైవర్ ఆపుదామన్నా ఆపలేడు, ఎనక లారీ ఉంటది. దూరం నుంచే కనపడేటట్టు, రోడ్డు వెడల్పున్న కాడ నిలబడాలె. వంపు మీద, ఫ్లైఓవర్ ఎక్కే మూల మీద నిలబడితే ఎవ్వడూ ఆపడు. చీకటైనంక ఫోన్ లైటు డ్రైవర్ కండ్లల్ల కొట్టొద్దు. మీ చెయ్యి మీద, బట్టల మీద వేసుకోవాలె, మనిషున్నట్టు కనపడతది.

ఇంకోటి, బస్సు నంబరు చూడుండ్రి. నంబరుకు ముందు జెడ్ అక్షరం ఉంటే అది ఆర్టీసీ సొంత బస్సు. లేకపోతే అద్దె బస్సు, డ్రైవర్ ఓనర్ మనిషి, కండక్టర్ ఆర్టీసీ మనిషి. ఎక్కడ ఆపాలన్నది కండక్టర్‌కే చెప్పాలె. డ్రైవర్‌ను బతిలాడితే "కండక్టర్ను అడుగు" అంటడు.

రోజువారీ

చిన్న తేడా చెబుతాను. ఎల్బీనగర్‌లో ఎక్కితే సోమవారం పొద్దున సీటు దొరకడం కష్టం. బస్సు ఎంజీబీఎస్‌లోనే నిండి వస్తుంది, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకొందరు ఎక్కుతారు. మిగతా రోజుల్లో ఫర్వాలేదు. సోమవారం ఒక్కరోజు అరగంట ముందు కదలండి. నిలబడి పోయినా గంట లోపే కదా, దానికోసం ఎంజీబీఎస్ దాకా వెనక్కి పోవడం దండగ.

టికెట్ సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఛార్జీ లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే పూర్తి ఛార్జీ. మీ ఆవిడ దారి మొత్తం (ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, అక్కడి నుంచి చౌటుప్పల్, అక్కడి నుంచి ఊరు) ఉచితంగానే అయిపోతుంది. అడ్రసులో తెలంగాణ అని ఉన్న ఆధార్ లాంటి కార్డు అసలుది దగ్గరుండాలి. మూడు బస్సుల్లోనూ మూడు జీరో టికెట్లు అడిగి తీసుకోవాలి. ఎలాగూ ఉచితమే కదా అని టికెట్ లేకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది.

మగవాళ్లు ఇదే దారిలో తిరగాలంటే నెలవారీ సీజన్ టికెట్ చూసుకోండి. ఎక్స్‌ప్రెస్‌కే తీసుకోవడం మేలు.

ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో హైవే ఎక్స్‌ప్రెస్ ఎక్కడుందో చూసుకోవడానికి పనికొస్తుంది. లోపలి పల్లె వెలుగు కోసం మాత్రం దాన్ని నమ్ముకుని టీ తాగుతూ కూర్చోవద్దు. కండక్టర్ల డ్యూటీలు మారుతుంటాయి గానీ ఒక రూటుకు తిరిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్ల ముఖపరిచయమే అసలు యాప్.

ఉప్పల్ వాసి

అందరికీ థాంక్స్. డిపోలో ఆరా తీశాం. మొదటి బస్సు చౌటుప్పల్ నుంచి ఏడున్నరకు లోపలికి తిరుగుతుందట, టైము సరిపోతుంది. కానీ అది 10 కిలోమీటర్ల దగ్గర పెద్ద ఊరి దాకే. బడి ఉన్న ఊరు ఇంకో 4 కిలోమీటర్లు. అక్కడ షేర్ ఆటో ఉంది, నిండితేనే కదులుతుంది. ఆ నాలుగు కిలోమీటర్లు బస్సు పొడిగించమని అడగొచ్చా? ఎవరిని అడగాలి?

డిపో లెక్క

అడగొచ్చు. కానీ "మా ఊరికి బస్సు వేయండి" అని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోతుంది. కొత్త షెడ్యూలు అంటే ఒక బస్సు, రెండు షిఫ్టులకు డ్రైవర్లు, కండక్టర్లు. ఏ డిపోకూ అవి ఖాళీగా ఉండవు. ఉన్న ట్రిప్పును పొడిగించమని అడగాలి, అదీ అన్ని ట్రిప్పులూ కాదు.

లెక్క చూడండి. 4 కిలోమీటర్లు పోను, 4 రాను. ఆ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లకు మించి పోదు. అంటే 12 నిమిషాలు, 12 నిమిషాలు, తిప్పుకోవడానికి ఐదు. ఒక ట్రిప్పుకు అరగంట. రోజుకు ఐదు ట్రిప్పులూ పొడిగిస్తే రెండున్నర గంటలు, 40 కిలోమీటర్లు. డ్రైవర్ పని రోజుకు 8 గంటలని లెక్క. ఆ షెడ్యూలును ఇప్పటికే ఎనిమిది గంటలకు బిగించి ఉంటారు. రెండున్నర గంటలు దూర్చాలంటే ఒక ట్రిప్పు కోయాలి. కోస్తే ఇంకో ఊరు గొడవకొస్తుంది. డిపో మేనేజర్ "చూద్దాం" అనేది ఇందుకే.

అదే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండే ట్రిప్పులు అడగండి. 16 కిలోమీటర్లు, గంట. ఇది సర్దుబాటు అయ్యే కోరిక. పైగా పొద్దున ఎనిమిదింటికి బస్సు ఆ ఊళ్లోకి పోయేటప్పుడు టీచర్లు, ఏఎన్ఎం, పంచాయతీ ఆఫీసు వాళ్లు ఎక్కుతారు. వచ్చేటప్పుడు అదే ఊరి కాలేజీ పిల్లలు ఎక్కుతారు. రెండు వైపులా మనుషులుంటారని కాగితంలో అదే మాటగా రాయాలి. ఖాళీగా పోయి నిండుగా వచ్చే ట్రిప్పు కంటే ఇది వాళ్లకు నయం.

కాగితం టీచర్ పేరు మీద కాదు, పంచాయతీ తీర్మానంతో పోవాలి. దానికి జతగా పేర్లు, ఎక్కే టైము, దిగే చోటు ఉన్న ఒక జాబితా. పిల్లల బస్ పాసుల సంఖ్య విడిగా వేయండి. "వందలాది మంది ప్రయాణికులు" అని రాసే బదులు "పొద్దున 8కి 22 మంది, వీళ్లలో పాసులు 15" అన్నట్టు రాస్తే చదివేవాడికి పనికొస్తుంది. సంఖ్య ఉన్నది ఉన్నట్టే వేయండి, రూటు చూడ్డానికి డిపో నుంచి సర్వేకు వచ్చినవాళ్లు లెక్కపెడతారు. డిపో మేనేజర్‌కు ఇచ్చి నకలు మీద ఇన్‌వార్డు (అందినట్టు) ముద్ర వేయించుకోండి.

రోడ్డు కొలత

సర్వేలో ఊళ్లు ఎక్కడ ఫెయిలవుతాయో నేను చెబుతాను. మనుషుల్లేక కాదు, ఎక్కువసార్లు రోడ్డు వల్లే.

ఆ నాలుగు కిలోమీటర్లు పంచాయతీరాజ్ ఒంటి లేన్ రోడ్డు అయి ఉంటుంది. అంటే తారు 3.75 మీటర్లు. బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా. మిగిలింది మీటరు పైచిలుకు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఇద్దరూ ఒక పక్క చక్రాలు మట్టిలోకి దింపాలి. ఆ మట్టి బర్ము (తారు పక్క అంచు) తారుకు సమానంగా ఉంటే బాధ లేదు. వానలకు కోసుకుపోయి జానెడు లోతు అయితే, దించిన చక్రం మళ్లీ ఎక్కేటప్పుడు బస్సు ఒరుగుతుంది. నిండు బస్సుతో ఆ పని ఏ డ్రైవరూ ఇష్టపడడు. సర్వేకు ముందే పంచాయతీ నాలుగు ట్రిప్పుల మొరం పోయించి తొక్కించుకోవాలి, ముఖ్యంగా మలుపుల దగ్గర, కల్వర్టుకు రెండు పక్కలా.

రెండోది కరెంటు తీగ. రోడ్డుకు అడ్డంగా పోయే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను నేల నుంచి 5.8 మీటర్లు ఉండాలి. బస్సు దానికి ఎంతో తక్కువే. తగిలేది ఆ లైను కాదు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి జారుగా లాగిన సర్వీసు వైరు. ఊళ్లోకి రాగానే మొదటి సందులో ఇదే ఉంటుంది. లైన్‌మన్‌తో కర్ర కొట్టించి ఎత్తించాలి. వేపకొమ్మలు, చింతకొమ్మలు ఎడమవైపు అద్దాలకు తగలకుండా కొట్టేయాలి.

మూడోది, చాలామంది మరిచిపోయేది, బస్సు తిరిగే జాగా. 11 మీటర్ల బస్సు ఆగకుండా ఒక్క చుట్టులో తిరగాలంటే 25 మీటర్ల మేర ఖాళీ స్థలం కావాలి. బడి ముందు అంత ఉండదు. పక్క సందు రోడ్డుకు కలిసేచోట రివర్స్ కొట్టి తిప్పుకోవచ్చు. కానీ సందు మొదట్లో బస్సు నిడివి కంటే ఇంకో రెండు మీటర్లు గట్టి నేల ఉండాలి, డ్రెయినేజీ మూత మీద వెనక చక్రం పడకూడదు. వెనక చక్రాల తర్వాత బస్సు తోక మూడు మీటర్ల దాకా బయటికి ఉంటుంది, అది తిరిగేటప్పుడు గోడను గీసుకుంటుంది. కండక్టర్ దిగి విజిల్ వేస్తూ తిప్పిస్తాడు, అందుకే తిప్పుడుకు ఐదు నిమిషాలని పైన ఆయన వేసిన లెక్క సరైనదే. ఆ జాగాలో సాయంత్రం ట్రాక్టర్లు పెట్టకుండా పంచాయతీ చూసుకోవాలి. అక్కడే చాలా రూట్లు నెలకే ఆగిపోతాయి.

వడ్ల సీజన్ సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ నవంబరు, డిసెంబరుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచుకు రాళ్లు పెడతారు. 3.75లో సగం పోతే బస్సు పోయే దారి లేదు. వడ్లు ఎత్తాక కూడా రాళ్లు అక్కడే ఉంటాయి, తెల్లవారుజామున వచ్చే బస్సుకు అవి కనపడవు. "రైతులు కదా ఏమంటాం" అని ఊరుకుంటే బస్సు పెద్ద ఊరి దగ్గరే వెనక్కి తిరుగుతుంది. అటో ఇటో ఒక కిలోమీటరు కల్లానికి వేరే చోటు చూపించడమే దారి.

బీబీనగర్ వైపు

ఉప్పల్‌లో ఉన్నవాళ్లకు ఎల్బీనగర్ ఎందుకు? ఉప్పల్ నుంచి వరంగల్ హైవే మీద భువనగిరి, అక్కడి నుంచి చౌటుప్పల్ రోడ్డు ఉంది కదా. సిటీ ట్రాఫిక్ అసలు తగలదు.

స్టేజీకాడ

మ్యాపుల మంచిగనే కనపడతది. దూరం ఎక్కువ, భువనగిరిల మళ్లా ఇంకో బస్సు కోసం నిలబడాలె. ఏడున్నర బస్సు అందది. పోనీ అది వదిలేసినా వానకాలం ఆ రోడ్డును నమ్మొద్దు. భువనగిరి, చౌటుప్పల్ నడుమ సంగెం కాడ భీమలింగం దగ్గర మూసీ మీద లోలెవల్ వంతెన ఉంది. పోచంపల్లి, బీబీనగర్ నడుమ జూలూరు, రుద్రవెల్లి కాడ ఇంకోటి. హైదరాబాద్ల ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఈ రెండూ మునుగుతయి, పోలీసులు అడ్డం బారికేడ్లు పెడతరు.

ఇక్కడ చినుకు లేకున్నా మునుగుతయి, గదే తమాషా. వాన పడ్డది వికారాబాద్ దిక్కు, గేట్లు ఎత్తింది హైదరాబాద్ల, నీళ్లు సంగెం కాడికి వచ్చేది ఎప్పుడో తర్వాత. పొద్దున దాటి పోయినోళ్లు సాయంత్రం వచ్చేసరికి రోడ్డు మీద నీళ్లుంటయి. గేట్లు ఎత్తిన్రని వార్తల చూసిన రోజు, తెల్లారి కూడా, ఎల్బీనగర్ దారే పట్టాలె.

ఉప్పల్ వాసి

అర్థమైంది, ఎల్బీనగరే. ఊరి సర్పంచ్‌తో మాట్లాడాం, తీర్మానం పెడతామన్నారు. తిప్పుడు జాగా కోసం రేపు టేపు తీసుకుని కొలుస్తామన్నారు. అప్పటిదాకా పెద్ద ఊరి నుంచి షేర్ ఆటోనే. ముగ్గురు టీచర్లు కలిసి నెలకు మాట్లాడుకుంటే నిండేదాకా ఆగాల్సిన పని లేదని ఆటో అతను ఒప్పుకున్నాడు.